బాధ తగ్గించడమూ వైద్యమే

“నయం కాదని డాక్టర్లే చెప్పారు. ఇంకా కరెంటు పెట్టించి నాన్నను ఎందుకు బాధపెట్టాలి మౌలానా?”

ప్రోస్టేట్ క్యాన్సర్ తుంటి ఎముకకు పాకిన ఒక పెద్దాయనను పరామర్శించడానికి వెళ్ళినప్పుడు ఆయన కుమారుడు అడిగిన మాట ఇది. పక్క గదిలో ఆ తండ్రి పడుకునే, సైగలతో నమాజు చేస్తున్నారు.

నయం చేయడానికి ఇచ్చే రేడియేషన్ తరచూ వారాల తరబడి సాగుతుంది. ఉపశమనానికి ఇచ్చేది వేరు. ఎముక నొప్పికి చాలామందిలో 8 గ్రేల మోతాదు ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. నొప్పి ఉన్నచోటికే గురిపెట్టి కొన్ని నిమిషాల్లో ముగిస్తారు. ఆ కిరణాలు ఒంట్లో మిగలవు. మనవలను నిస్సంకోచంగా దగ్గరకు తీసుకోవచ్చు. పదిమందిలో సుమారు ఆరుగురికి నొప్పి తగ్గుతుంది. మొదటి కొద్దిరోజులు నొప్పి పెరగవచ్చు, పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అందాకా మాత్రలు మానరాదు.

కణితి నుండి రక్తస్రావమవుతున్నా, అన్నవాహిక మూసుకుపోయి మింగలేకపోతున్నా ఈ చికిత్స ఉపయోగపడవచ్చు. క్యాన్సర్ రోగికి హఠాత్తుగా కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం నిలిచిపోయినా వెన్నుపాము నలుగుతున్నదేమోనని అనుమానించి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సహనమంటే చికిత్సను నిరాకరించడం కాదు. దైవప్రవక్త (సఅసం) వైద్యం చేయించుకోమని ఉపదేశించారు. సహనమూర్తి అయ్యూబ్ (అలైహి) సైతం తన బాధను ప్రభువుకు మొరపెట్టుకున్నారు. కనుక “నయమవుతుందా?” అనే ప్రశ్నతో ఆగకండి. “బాధ తగ్గించగలరా?” అని కూడా అడగండి.

ఆ కుమారుడు అడిగాడు. నెల తర్వాత నేను వెళ్ళేసరికి వ్యాధి అలాగే ఉంది. తండ్రి మాత్రం కుర్చీలో కూర్చుని అస్ర్ నమాజు చేస్తున్నారు.