చేతికి దొరకవలసినవి, చేతికి అందరానివి



మేము గ్రామములకు వచ్చునది పొలము చూచుటకు. మళ్లలో నీరు, పైరుపై పురుగు, ఎరువు వేయవలసిన అదను, ఇవియే మా పని. అయినను ఇన్ని యేండ్లు తిరిగిన మీదట మాకొక సంగతి తేటపడినది. పొలములో చెమటోడ్చి ఆర్జించిన దానిలో కొంత భాగము ఇంటిలోనే నష్టమగుచున్నది. దానిని దొంగ లెత్తుకొనిపోవుట లేదు, వరద కొట్టుకొనిపోవుట లేదు. పెట్టినచోటు మరచుటచేతను, పెట్టరాని చోట పెట్టుటచేతను అది పోవుచున్నది. కావున ఈ నెల పొలము గట్టు దిగి, మీ యింటి గడప యెక్కి, నాలుగు మాటలు చెప్ప దలచితిమి.

ఒక గ్రామమున ఇద్దరు రైతులు ఒకే దుకాణమున, ఒకే దినమున మిరప విత్తనము కొనిరి. చెట్లు ఏపుగా పెరిగినవి గాని కాపు లేదు. మేము చూడబోయి, మొదట ఒకరిని బిల్లు చూపుమని యడిగితిమి. ఆయన లోపలికి కేకవేసెను.

“ఏమే, ఆ విత్తనాల చీటీ ఎక్కడ పెట్టావు?”

“నాకెప్పుడిచ్చారు? చొక్కా జేబులో ఉందన్నారు. ఆ చొక్కా రెండుసార్లు ఉతికాను గదా!”

రెండవ రైతు ఇంటికి పోయితిమి. మా చేతికిచ్చిన మజ్జిగ మేము త్రాగులోపలనే ఆయన బిల్లును, విత్తనపు ఖాళీ సంచిని, దానిలోనే మూటగట్టిన మిగులు గింజలను తెచ్చి మా ముందు పెట్టెను. నష్టపరిహారము కోరుటకు ఈ మూడును ఆధారములు. ఇద్దరి చేలు ఒకే తీరున దెబ్బతిన్నవి. కాని ఒకరి చేతిలో సాక్ష్యము గలదు, ఒకరి చేతిలో లేదు. ఆ భేదమంతయు గోడకున్న ఒక మేకు వలన గలిగినది.

మేము బాల్యమున మిషను పాఠశాల వసతిగృహములో నలువదిమంది బాలురతో నుంటిమి. ప్రతివానికిని గోడకొక మేకు, మేకుపైన ఒక అంకె. రాత్రి కరెంటు పోయినప్పుడు మా వార్డెనుగారు, “ఎవరును లేవవద్దు, చేయి చాపుడు” అనెడివారు. చేయి చాచినంతనే ఒకనికి లాంతరు, మరియొకనికి అగ్గిపెట్టె దొరకెడిది. ఇల్లు సర్దుట చుట్టములు చూచి మెచ్చుటకు గాదనియు, చీకటిలో చాచిన చేతికొరకనియు మాకప్పుడు తెలిసినది. తరువాత పల్లెలు తిరుగుటచే దీనికి రెండవ సగము కూడ నేర్చుకొంటిమి. కొన్ని వస్తువులు చేతికి వెంటనే దొరకవలెను. కొన్ని వస్తువులు చేతికి ఎన్నడును అందరాదు. ఇంటిలోని ప్రతి వస్తువును ఈ రెండు ప్రశ్నలకు నిలిపి చూడుడు.

చీకటిలో దొరకవలసినవి

రాత్రివేళ మోటారు వేయబోవు రైతుకు టార్చిలైటు, చేతికఱ్ఱ, మూసిన చెప్పులు ఒక్కచోట నుండవలెను. తలుపు ప్రక్క గూడు దీనికి తగినది. టార్చి మంచము క్రింద, కఱ్ఱ పెరటిలో నున్న యెడల మనిషి విసుగుచెంది వట్టి కాళ్లతో బయలుదేరును. గట్టుమీద పాము మన తొందరను చూచి తప్పుకొనదు. ఆ గూటిపైననే అంబులెన్సు పిలుచు 108 అంకెను, ఇరుగుపొరుగున బండియున్న వారి అంకెను సున్నముతో పెద్దగా వ్రాయుడు. ఆపద కాలమున సెల్‌ఫోనులో పేర్లు వెదకుటకు వ్రేళ్లు వణకును.

కొడవలి, పార, గునపము, గొడ్డలి ఒక గోడకే యుండవలెను. ప్రతి పనిముట్టు వ్రేలాడు చోట దాని రూపమును బొగ్గుతో గోడపై గీయుడు. సాయంకాలము ఒకసారి చూచినంతనే యే ఆకారము ఖాళీగానున్నదో తెలియును. పార చేనిలో మరచిరా, ఎరువిచ్చిన పొరుగువారు తిరిగి యియ్యలేదా యని ఆనాడే విచారింపవచ్చును. కోతలనాడు తెల్లవారుజామున వెదకిన ప్రయోజనము లేదు. కొడవండ్ల కొనలు గోడవైపునకు త్రిప్పి పిల్లల తలకంటె ఎత్తున నుంచుడు. పని ముగిసినంతనే మన్ను తుడిచి నూనెగుడ్డతో రుద్దిన యెడల తుప్పు పట్టదు.

కాగితముల పెట్టె

మన యిండ్లలో కాగితములకు చోటులు పెక్కు: చూరు, తలగడ క్రింద, దేవుని గూడు, బియ్యపు డబ్బా. చోటులు పెక్కైనప్పుడు చోటు లేనట్లే. ఒక రేకు పెట్టె చాలును. దానిని నేలపై గాక నాలుగు ఇటుకలపై, గోడకు జానెడు దూరమున నుంచుడు. చెదలు నేల నుండియు గోడ నుండియు ప్రాకును. ప్రాకినచో ఇటుకపై మట్టిదారి మీ కంటబడును.

పెట్టెలో మూడు సంచులు వేయుడు. మొదటిది భూమి సంచి: పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు. ఇది ఎవరికిని ఎరువియ్యరాదు. అవసరమగుచో నకలు తీసి యియ్యవలెను. రెండవది సొమ్ము సంచి: బ్యాంకు పుస్తకము, సంఘములో చెల్లించిన బాకీల రసీదులు, పంటబీమా కాగితములు. మూడవది ఈ కారు సంచి: ఈ పంటకు కొన్న విత్తనము, ఎరువు, మందుల బిల్లులు, విత్తనపు సంచిపైని చీటీ. పంట అమ్ముడుపోయి లెక్క తేలువరకు దానిని కదల్పరాదు.

తొందర యెందుకని మీరడుగవచ్చును. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో చేరియున్న రైతు వడగండ్లచేతనో ముంపుచేతనో తన చేను మాత్రము దెబ్బతిన్నప్పుడు 72 గంటలలోపల తెలియజేయవలెనని నిబంధన కలదు. ఆ మూడు దినములలో ఒక దినము పెట్టె వెదకుటకే పోయిన యెడల మిగులునవి రెండు దినములే. ప్రతి కాగితమునకును సెల్‌ఫోనులో ఛాయాచిత్రము తీసి, పట్టణమున నున్న కుమారునకో కుమార్తెకో పంపియుంచుట మంచిది. ఇల్లు కాలినను, తడిసినను ఆ ప్రతి మిగులును. ఇంకొక మాట: సంఘములో గాని మరెక్కడ గాని సొమ్ము చెల్లించిన పిమ్మట రసీదు చేతికి రానిదే గడప దాటకుడు. అది పెట్టెలో చేరినగాని మీ చెల్లింపు ముగిసినది కాదు.

గింజలు

గింజకు పగవారు ముగ్గురు: తడి, పురుగు, ఎలుక. తడిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. బాగుగ ఎండిన సీసాలో మూడవ వంతు గింజలు పోసి, పొడిగానున్న ఉప్పు గుప్పెడు వేసి, మూతబెట్టి కొన్ని నిమిషములు కుదుపుడు. ఉప్పు సీసా గోడకు అంటుకొన్న యెడల గింజలో తేమ నూటికి 15 పాళ్లకు మించినదని గ్రహింపుడు. అది నిలువకు పనికిరాదు. మరల ఎండబెట్టవలెను. విత్తనమునకైన యెడల ఇంకను ఎండవలెను: వరికి 13 పాళ్లు, కంది, పెసర, మినుము, వేరుసెనగలకు 9 పాళ్లు మించరాదు.

సంచులను వట్టి నేలపై వేయకుడు. కఱ్ఱబల్లలపై, గోడకు మూరెడు దూరమున, మనిషి చుట్టు తిరుగుటకు వీలుగా పేర్చుడు. చుట్టు తిరిగిన యిల్లాలి కంటికి పందికొక్కు కన్నము దాగదు. తినుటకుంచిన పప్పుగింజలకు కిలో ఒక్కింటికి 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించిన యెడల పుచ్చుపురుగు గ్రుడ్లు నిలువవు. వేరుసెనగ విత్తనమును కాయగానే యుంచుడు. ముందుగా ఒలిచిన పప్పునకు మొలకశక్తి త్వరలో తగ్గును. యూరియా బస్తా తేమను పీల్చును గావున విత్తనముతో ఒక గదిలో చేర్పరాదు. ప్రతి సంచికిని లోపలనొకటి, వెలుపలనొకటి చీటీ గట్టి, రకము పేరు, నూర్చిన నెల వ్రాయుడు.

విత్తుటకు పదునైదు దినములు ముందు నూరు గింజలు లెక్కించి తడి గోనెగుడ్డలో చుట్టి, ఆరిపోకుండ నీరు చిలుకరించుచు, ఏడెనిమిది దినముల పిమ్మట విప్పి చూడుడు. వరి 80, అపరాలు 75, వేరుసెనగ 70 మొలకలకు తగ్గరాదు. ఈ లెక్క ఇంటిలో తేలినచో కాసింత గుడ్డతో పోవును. చేనిలో తేలినచో అదనే పోవును.

ఎన్నడును అందరానివి

ఇక మేము ముఖ్యముగా చెప్పవచ్చిన మాట యిది. 2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రము, సారణ్ జిల్లాలోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన బాలబాలికలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియుండెనని పరీక్షలో తేలినది. అంతకు పూర్వము 1958లో కేరళమున పారాథియాన్ అను మందు గోధుమపిండికి సోకి నూరుమందికి పైగా చనిపోయిరి. ఓడలో రెండును ఒక్కచోట నుంచుటయే దానికి కారణము. ఆ దుర్ఘటన తరువాతనే విచారణలు జరిగి 1968లో పురుగుమందుల చట్టము పుట్టినది. ఆ రెండు చోట్లను ఎవరికిని చంపవలెనను తలంపు లేదు. చోటు తప్పినది, అంతియే.

ఇప్పుడు మీ యింటిని చూచుకొనుడు. సగము మిగిలిన మందుసీసా వంటింటి అటకపై నున్నదా? పొరుగువారికి కొంచెము మందు కూల్‌డ్రింకు సీసాలో పోసి యిచ్చితిరా? పిల్లవానికి ఆ సీసా రంగు మాత్రమే తెలియును. మందును కొన్న డబ్బాలోనే యుంచవలెను. ఆ డబ్బాపై త్రికోణమును చూడుడు: ఎఱుపు మిక్కిలి విషము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తగ్గును. ఆకుపచ్చదియు విషమే. మందుల పెట్టెకు తాళము వేసి, వంటింటికిని, పడకటింటికిని, గింజలకును, పశువుల దాణాకును దూరముగా నుంచుడు. మందు కొలుచు గిన్నె ఆ పెట్టెలోనే యుండవలెను. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారి తొట్టిలోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడువుడు. చిల్లుపడిన డబ్బాలో ఎవరును నూనె పోయరు. ధాన్యమున పెట్టు అల్యూమినియము ఫాస్ఫైడు మాత్రలను నివాసగృహమున వాడనే వాడరాదు. వాటి వాయువు నిదురించువారి ప్రాణము దీయును.

తాళపుచెవి ఒకరి వద్దనే గాక, నెమ్మదిగల మరియొక పెద్ద యొద్ద నుంచుట మేలు. దీనికి కారణము చెప్పుటకు మాకు కష్టముగా నున్నది. అప్పు, ఇంటికలహము, పంటనష్టము ఇవి మనుష్యుని ఒక్క క్షణము లోబరచుకొనును. ఆ క్షణమున చేయి చాచినచోట మందు లేకపోయెనా, ఆ క్షణము గడచిపోవును, మనిషి మిగులును. అట్లు మిగిలినవారు తరువాత మాతో కూర్చుండి మాటలాడినారు. దిగులుగానున్నవారు మీ యింట నున్న యెడల తాళము వేయుటతో ఊరుకొనక, వారి ప్రక్కన కూర్చుండుడు.

పొరపాటున ఎవరైన మందు మ్రింగిన యెడల ఉప్పునీరు పోసి కక్కింప బూనకుడు. 108కి కబురు చేసి, మందుడబ్బాను వెంట గొనిపోవుడు. ఏ మందో తెలిసినగాని వైద్యునకు విరుగుడు తేలికగా తోచదు.

ఎవరు చేయవలెను?

ఏ వస్తువు కనబడకపోయినను ఇల్లాలిని కేకవేయుట మనకు వాడుక. చొక్కా జేబులో చీటీ పెట్టినది యెవరు? గట్టుమీద పార మరచినది యెవరు? తీసినవారే తిరిగి పెట్టవలెనను కట్టుబాటు ఇంటి యజమాని నుండి మొదలు కావలెను. తండ్రి పెట్టుట చూచిన పిల్లలు తామును పెట్టుదురు.

దీనికి ఖర్చు లేదు. నాలుగు ఇటుకలు, ఒక రేకు పెట్టె, ఒక తాళము, పిడికెడు మేకులు, బొగ్గుముక్క చాలును. అమావాస్యనాడు అరక కట్టని యాచారము మన పల్లెలలో ఇంకను గలదు. ఆ దినమున ఒక గంట ఇంటికీయుడు. పెట్టె తెరచి కాగితములు చూడుడు. సంచుల చుట్టు తిరుగుడు. మందుల తాళము లాగి చూడుడు. చీకటిపడిన పిమ్మట దీపమార్పి, చేయి చాచి టార్చి దొరకునో లేదో పరీక్షింపుడు. వచ్చు సంఘ సమావేశమునకు మేము వచ్చినప్పుడు, మీలో ఎందరి చేతికి దొరకినదో అడిగి తెలిసికొనెదము.