ప్రాసెసరు మార్పు – ఆపరేటింగ్ సిస్టమ్ అనుసరణ: ఒక వివరణ

వ్యాససంగ్రహం: కంప్యూటరులో ప్రాసెసరు మారినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఎట్లా సర్దుకుంటుందో, ఎక్కడ సర్దుకోలేకపోతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. పాత తెలుగు ఫైళ్లతో పనిచేసే పరిశోధకులకు ఈ విషయంతో ఉన్న సంబంధాన్ని చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రాసెసరు, ఆపరేటింగ్ సిస్టమ్, ఆదేశసముదాయం, ఇస్కీ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:
పాత డిస్కును అట్లాగే ఉంచి ప్రాసెసరును మాత్రమే మార్చినా, చాలా సందర్భాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ మునుపటిలాగే నడుస్తుంది. ఇందుకు కారణం ఆదేశసముదాయం. ఏ ఆదేశానికి ప్రాసెసరు ఏ పని చేయాలో నిర్ణయించే ఒడంబడిక అది. ఇంటెల్ సంస్థ 1985లో తెచ్చిన 80386 కోసం రాసిన సాధారణ ఆదేశాలను ఆ కుటుంబానికి చెందిన నేటి ప్రాసెసర్లు కూడా గుర్తిస్తాయి. లక్షణం నిలిచి ఉన్నంతవరకు లక్ష్యం ఎంత విస్తరించినా చిక్కు లేదు.

2. అడిగి తెలుసుకునే పద్ధతి:
యంత్రం మొదలైన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ 'సీపీయూఐడీ' అనే ఆదేశంతో ప్రాసెసరు తయారీదారును, నమూనాను, అదనపు సామర్థ్యాలను అడిగి తెలుసుకుంటుంది. లినక్స్ ఆ సమాధానాలను బట్టి మెమరీలోకి చేరిన తన ఆదేశాలను తానే సవరించుకుంటుంది. ఒకే ప్రాసెసరు ఉన్నచోట, ఇతర ప్రాసెసర్లను క్షణకాలం నిలువరించే 'లాక్' అనే ఉపసర్గతో పని లేదు కనుక దాని స్థానంలో ఏ ప్రభావమూ లేని మరో ఉపసర్గను ఉంచుతుంది. (ఆదేశానికి ముందు చేరి అర్థాన్ని మారుస్తుంది కనుక దీన్ని ఉపసర్గ అనడం మనకు వింతగా తోచదు.)

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తీరు వేరు. అందులో ఒకే ప్రాసెసరు ఉన్న యంత్రానికి తగిన పొర, ఎక్కువ ప్రాసెసర్లకు తగిన పొర వేర్వేరు. ఏది కావాలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే నిర్ణయమయ్యేది. తర్వాత రెండు కోర్ల ప్రాసెసరును అమర్చినా, ఆ పొరను మార్చనంతవరకు రెండో కోర్ పనిలేక ఉండిపోయిన సందర్భాలున్నాయి. విస్టా నుండి ఈ ఎంపిక యంత్రం మొదలైనప్పుడే జరుగుతున్నది.

3. వేగమే దోషమైన సందర్భం:
ఆదేశాలన్నీ సరిగానే అమలవుతున్నా ప్రోగ్రాము కూలిపోవచ్చు. టర్బో పాస్కల్‌లోని సీఆర్‌టీ యూనిట్ ఇందుకు చక్కని ఉదాహరణ. ప్రోగ్రాము మొదలవగానే ఆ యూనిట్, గడియారపు ఒక టిక్కు కాలంలో, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, ఒక లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి, ఆ సంఖ్యను 55తో భాగించేది. భాగఫలం 16 బిట్లలో, అనగా 65,535కు లోబడి, ఇమడాలి. దాదాపు 200 మెగాహెర్ట్జ్ వేగం గల ప్రాసెసర్లు రాగానే ఆ ఫలం హద్దు దాటింది. తెరపై 200వ సంఖ్య దోషం కనిపించేది. సున్నాతో భాగించడం దాని నిర్వచనం. నిజానికి అక్కడ సున్నా లేనే లేదు. ఫలం ఇమడకపోయినా, సున్నాతో భాగించినా ప్రాసెసరు ఇచ్చే సంకేతం ఒక్కటే కావడం ఈ అపార్థానికి మూలం. ఆపరేటింగ్ సిస్టములూ ఇందుకు అతీతం కాలేదు. 350 మెగాహెర్ట్జ్, అంతకు మించిన ఏఎండీ కే6-2 ప్రాసెసర్లపై విండోస్ 95 మొదలు కాకుండానే ఆగిపోయేది. దానికి మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

4. ఒడంబడికే మారినప్పుడు:
ఆపిల్ సంస్థ తన మాక్ కంప్యూటర్లను 1994లో పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో సొంత ఎం1కు మార్చింది. ఇది కుటుంబమే మారడం కనుక అనువాదం తప్పనిసరి. 2006లో పవర్‌పీసీ ప్రోగ్రాములను ఇంటెల్ ఆదేశాలలోకి మార్చిన అనువాదకానికి రొజెట్టా అని పేరు పెట్టడం సముచితమే. అయితే 2011లో వచ్చిన 'లయన్' సంచికలో దాన్ని తొలగించారు. అనువాదకుడు తప్పుకోగానే మూలగ్రంథం మూగబోయింది.

5. పాత తెలుగు ఫైళ్లు:
"64 బిట్ల ప్రాసెసరు వచ్చి పాత ప్రోగ్రామును చెడగొట్టింది" అనే మాట విభాగాల్లో తరచుగా వింటాం. అది సగమే నిజం. అదే ప్రాసెసరుపై 32 బిట్ల విండోస్ ఉంటే 16 బిట్ల డాస్ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి. 64 బిట్ల స్థితిలోకి మారిన ప్రాసెసరులో పాత 8086ను అనుకరించే పద్ధతి లేదు. 64 బిట్ల విండోస్ కూడా ఆ ప్రోగ్రాములను స్వీకరించదు. విండోస్ 11లో 32 బిట్ల సంచిక లేనే లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టర్బో సి పాఠాలు నేటికీ చెప్పే కళాశాలలు డాస్‌బాక్స్ అనే అనుకరణ ప్రోగ్రాముతో నెట్టుకొస్తున్నాయి.

పరిశోధన కాలంలో నాకు లభించిన కొన్ని పాత తెలుగు ఫైళ్లు ఇటువంటివే. ఇస్కీ సంకేతాలలో ఉన్నవాటిని చదవగలిగాను. 1991 నాటి ఆ భారతీయ ప్రమాణపు పట్టిక బహిరంగంగా ఉంది. సొంత ఫాంటు సంకేతాలతో దాచినవి మాత్రం, వాటి ప్రోగ్రాము నడిచే యంత్రం దొరికేవరకు తెరుచుకోలేదు. అందువల్ల ప్రయోగశాలలోని చివరి 32 బిట్ల యంత్రాన్ని తొలగించే ముందే అటువంటి ఫైళ్లను అందులో తెరిచి, ముద్రించి, యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ క్రారావళ్లూ చెదరలేదని ముద్రిత ప్రతితో సరిచూసుకోవాలి.