ఫోటోకు చిక్కని చందమామ

పోయిన పున్నమినాడు మా మనుమరాలు తన మేనమామను అడిగి డిజిటల్ కెమేరా తెచ్చుకుంది. తెల్లవారగానే తిరిగి ఇచ్చెయ్యాలి. బడిలో వచ్చే నెల జరిగే సైన్సు ప్రదర్శనకు చందమామ ఫోటో తెస్తానని టీచరుకు మాట ఇచ్చింది మరి! భోజనాలు కాగానే ఇద్దరం డాబా ఎక్కాం.

మొదటి ఫోటోలో నల్లగుడ్డ మీద సున్నపుచుక్క లాంటిది పడింది, అంతే. కుందేలూ లేదు, మచ్చా లేదు.

"కెమేరా చెడిపోయిందా, తాతయ్యా?" అన్నది దిగులుగా.

ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గదా, తడుముకోకుండా, "చీకటి కదమ్మా! షట్టరు ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచు," అన్నాను. ఉంచింది. ఈసారి చుక్క చుట్టూ మసక కూడా చేరింది.

పిల్ల కాసేపు ఆలోచించి, "తాతయ్యా, చందమామ మీద ఇప్పుడు పగలే కదా?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. చీకటి ఉన్నది మా డాబా మీద. మాకు కనిపించే చంద్రుడి మీద ఎండ కాస్తున్నది! చంద్రుడికి సొంత వెలుగు లేదని ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. కాని ఆ సంగతి కెమేరా పట్టుకున్నప్పుడు నాకు గుర్తు రాలేదు.

అసలు జరిగిందేమిటంటే, కెమేరా తనంతట తాను కొలుచుకునేటప్పుడు చుట్టూ ఉన్న నల్లని ఆకాశాన్నంతా లెక్కలోకి తీసుకుంటుంది. "అయ్యో, వెలుతురు చాలదు" అనుకుని షట్టరును మరీ ఎక్కువసేపు తెరుస్తుంది. పైగా చంద్రుడు రెండు నిమిషాల్లో ఆకాశంలో తన వెడల్పంత దూరం జరుగుతాడు. సెకన్ల తరబడి తెరిస్తే బొమ్మ అలుక్కుపోదా మరి?

అందుకని కెమేరాను మాన్యువల్‌కు మార్చాం. ఎపర్చరు 11, ఐ.ఎస్.ఓ. 100, షట్టరు సెకనులో 100వ వంతు. అంటే ఎండలో ఉన్న రాయికి పెట్టే కొలతలాంటిదే. చంద్రుడి నేల తనమీద పడే వెలుగులో నూటికి సుమారు 12 పాళ్ళే తిప్పికొడుతుంది. వెన్నముద్దలా కనిపించే చందమామ నిజానికి పాత తారురోడ్డు రంగువాడన్నమాట!

మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సులో చందమామ బొమ్మ అర మిల్లీమీటరు కూడా పడదు, గసగసాల గింజకన్న చిన్నది. మేనమామ ఇచ్చిన 300 లెన్సులో మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అది చాలు. ట్రైపాడ్ లేదు గనక పిట్టగోడమీద బియ్యపు సంచి పెట్టి, దానిలో కెమేరాను కుదురుగా కూర్చోబెట్టాం. వేలు తగిలి కదలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టాం. (ఇదే లెన్సును పగలు సూర్యుడికేసి మాత్రం తిప్పకండి. కంటికీ కెమేరాకూ ముప్పే.)

క్లిక్! కుందేలు పడింది! ఆ నల్లని మచ్చలు ఒకప్పుడు లావా పారి గడ్డకట్టిన మైదానాలు. పూర్వులు వాటిని సముద్రాలనుకుని అవే పేర్లు పెట్టారు. 1840లో న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ వెండిపూత రేకుమీద చంద్రుణ్ణి పట్టడానికి దాదాపు 20 నిమిషాలు వెలుగు పడనివ్వవలసి వచ్చింది. మాకు సెకనులో నూరోవంతు సరిపోయింది!

"మరి గుంటలు సరిగ్గా కనిపించవేం?" అన్నది పిల్ల.

పున్నమినాడు అక్కడి ఎండ మనవైపు నుంచి తిన్నగా పడుతుంది. నీడలు కనిపించవు. నీడ లేనిదే గుంట లోతు తెలియదు. శుక్ల దశమినాడైతే వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర సూర్యుడప్పుడే ఉదయిస్తుంటాడు, నీడలు సాగుతాయి. 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ గుంట సాధారణంగా అప్పుడే ఆ గీత దాపుకు వస్తుంది. ఆనాటి వెలుగు తక్కువ గనక షట్టరు 50వ వంతు పెట్టాలి.

కెమేరా మళ్ళీ ఇస్తానని మేనమామ ఒప్పుకున్నాడు. దశమి అయిన మూడోనాడే ప్రదర్శన. ఆ రాత్రి మబ్బు పడుతుందేమోనని మా మనుమరాలు ఇప్పటినుంచే ఆకాశంకేసి చూస్తున్నది.