రోజు పనిని ఎవరు కొలిచారు?

మీలో చాలామంది ఆఫీసుల్లో, దుకాణాల్లో, బడుల్లో పనిచేస్తున్నారు. ఏడాది మొదట్లో మేనేజర్ పిలిచి "ఈసారి మీ టార్గెట్ ఇది" అంటాడు. ఆ మాట మన ఇళ్లకు కొత్తది కాదు. ఫిజీ చెరకు తోటల్లో మన పెద్దలకు అది "టాస్క్".

గిర్మిట్ కాగితం చదివారా? అందులో లెక్క స్పష్టంగానే ఉంది. టాస్క్ పనికి మగవాడికి 1 షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. మామూలు ఒంటి బలం ఉన్న మగవాడు 6 గంటలు నిదానంగా, ఆగకుండా చేస్తే ఎంత అవుతుందో అంతే ఒక టాస్క్. స్త్రీకి అందులో ముప్పాతిక. రోజుకు ఒక టాస్క్ కంటే ఎక్కువ చేయనక్కర లేదు. నిజం చెప్పాలంటే, ఈ రోజుల్లో మా బడికి వచ్చే సర్క్యులర్లు ఇంత స్పష్టంగా ఉండవు.

చిక్కంతా "మామూలు" అన్న మాటలో ఉంది. మామూలు మనిషి ఎవరు? అది తేల్చేది ఓవర్సియర్. మన పెద్దలు అతన్ని కులంబర్ అనేవారు. కొలత గొలుసు పొడవు 66 అడుగులు. గట్టి మనుషులు ఎంత చేస్తారో చూసి అందరికీ అదే కొలిచేవారన్నది ఆ రోజుల్లో పెద్ద ఫిర్యాదు. నేల గట్టిదా, గడ్డి దట్టంగా ఉందా, అన్నది గొలుసుకు తెలియదు. టాస్క్ పూర్తికాకపోతే కూలి పోయేది, కోర్టుకు కూడా లాగేవారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో వచ్చిన మనవాళ్లకు ఇది మొదటి పాఠం.

ఓవర్సియర్ మాత్రం ఎందుకు అలా చేశాడు? అతనికీ పైన ఒకడున్నాడు. నరికిన చెరకు నిలవుంటే చక్కెర తగ్గుతుంది, మిల్లు ఆగకూడదు. పెద్ద కంపెనీ సి.ఎస్.ఆర్. ప్రధాన కార్యాలయం సిడ్నీలో. అక్కడి లక్ష్యం మిల్లుకు, మిల్లు నుంచి తోటకు, తోట నుంచి సర్దారుకు, చివరికి కత్తి పట్టినవాడికి దిగేది. కింది నుంచి పైకి వెళ్లే దారి లేదు.

1954లో పీటర్ డ్రకర్ మేనేజ్‌మెంట్ మీద ఒక పుస్తకం రాశాడు. ప్రతి మేనేజరూ తన విభాగం లక్ష్యాలను తానే ఆలోచించి పెట్టుకోవాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి అన్నాడు. మంచి మాటే. కానీ ఆ మాట మేనేజర్ దగ్గరే ఆగింది, చెరకు నరికేవాడిదాకా రాలేదు.

కంపెనీ కూడా చివరికి పద్ధతి మార్చింది. 1920 జనవరి 1న గిర్మిట్‌లు రద్దయ్యాయి, కూలీలు దొరకలేదు. తర్వాత భూమిని సుమారు 10 ఎకరాల చొప్పున కౌలుకిచ్చి, పండిన చెరకుకు డబ్బు కట్టింది. పైనుంచి సూచనలు ఆగలేదు గానీ, పొద్దున ఎంత గడ్డి తీయాలో రైతే చూసుకున్నాడు.

వచ్చే కమిటీ మీటింగులో మన తెలుగు తరగతికి టార్గెట్ పెట్టేటప్పుడు, ఎందరు పిల్లలు చేరాలి అని మాత్రమే రాయకండి. అమ్మమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడగలగాలి అని రాయండి. ఆ పాఠం చెప్పే టీచరును కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వారానికి గంటన్నరలో గుణింతాలు ఎంతవరకు వస్తాయో ఆమెకు తెలుసు.