మెత్తని బిస్కత్తులో నీటి లెక్క

నెల్లూరు జిల్లాలోని అల్లూరు సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఊరు. చుట్టూ వరి మళ్ళు. తూర్పుగా ఇసకపల్లి వైపు పోతే ఉప్పు మళ్ళు. ఈశాన్య ఋతుపవనాలు వీచే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఇక్కడి గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. ఆ రోజులలో ఒక పళ్ళెంలో కరకరలాడే బిస్కత్తును, పక్కనే ఒక రొట్టెముక్కను పెట్టి మరునాడు చూస్తే చిత్రమైన సంగతి కనిపిస్తుంది. బిస్కత్తు మెత్తబడి ఉంటుంది. రొట్టెముక్క పైభాగం ఎండి బిరుసెక్కి ఉంటుంది. గాలి ఒకటే, పళ్ళెమూ ఒకటే. అయినా ఒకటి నీటిని పుచ్చుకొన్నది, మరొకటి నీటిని పోగొట్టుకొన్నది. దీనికి కారణమేమి?

ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే మరొక ప్రశ్నకు కూడ సమాధానం దొరుకుతుంది. ఈనాడు చాలా ఇళ్ళలో మెత్తని చాక్లెట్ బిస్కత్తులు చేసి, వాటిపై కొబ్బరి, గింజపప్పులు కలిపిన తీపి పూత వేస్తున్నారు. ఒక ఇంట చేసినవి వారం రోజులు బాగుంటాయి. మరొక ఇంట చేసినవి మూడవ నాటికే బూజు పట్టుతాయి. హాస్టలులో చదివే పిల్లలకు డబ్బా కట్టి పంపే తల్లికి ఈ తేడా చిన్న విషయం కాదు.

నీరు ఎంత? ఏ స్థితిలో?

వరి పండించే అల్లూరు రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. నూటికి 18 పాళ్ళు నీరున్న ధాన్యాన్ని బస్తాలకెత్తితే అది వెచ్చబడి, రంగు మారి, బూజు పట్టుతుంది. అయితే తేనెలో కూడ సుమారు 18 పాళ్ళ నీరే ఉన్నది. మూత బిగించిన సీసాలో తేనె ఏళ్ళ తరబడి చెడదు. నీరు రెండింటిలోనూ సమానమే అయినప్పుడు ఫలితం ఎందుకు వేరయింది?

తేనెలోని చక్కెరలు నీటి అణువులను తమవైపు లాగి పట్టి ఉంచుతాయి. ఆ నీరు సూక్ష్మజీవులకు అందదు. ధాన్యంలో పట్టి ఉంచే చక్కెర అంతగా లేదు. కనుక అందులోని నీటిలో చాలా భాగం స్వేచ్ఛగా ఉంటుంది. ఆహారం చెడిపోవడం నీటి మొత్తాన్ని బట్టి గాక, ఈ స్వేచ్ఛా నీటిని బట్టి ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు స్కాట్ 1950వ దశకంలో తన పరిశోధనల ద్వారా స్పష్టం చేశాడు. ఈ గుణానికి 'జల క్రియాశీలత' అని పేరు. ఒక పదార్థాన్ని గాలి చొరని డబ్బాలో ఉంచితే కొంతసేపటికి అందులోని గాలి తేమ ఒక స్థిరమైన అంకెకు వచ్చి నిలుస్తుంది. ఆ సాపేక్ష ఆర్ద్రత 75 శాతమైతే పదార్థపు జల క్రియాశీలత 0.75 అన్నమాట.

కరకరలాడే బిస్కత్తుకు ఈ అంకె సుమారు 0.3 లేక అంతకంటె తక్కువ. రొట్టెకు సుమారు 0.95. పచ్చికొబ్బరికి ఇంకా ఎక్కువ, దాదాపు 0.98. వానల నెలలలో అల్లూరి గాలి తేమ 80 శాతం అనుకొంటే, 0.3 గల బిస్కత్తు గాలినుండి నీరు తీసుకొంటుంది, 0.95 గల రొట్టె గాలికి నీరు ఇస్తుంది. గాలితో సమానమయ్యే వరకు ఈ బేరం సాగుతూనే ఉంటుంది. పళ్ళెంలోని చిత్రానికి ఇదే కారణం.

మెత్తని బిస్కత్తు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. దాని అంకె సాధారణంగా 0.6, 0.75ల మధ్య. అంటే తీరపు గాలికి అది దాదాపు సరితూగుతుంది. అందుచేతనే అల్లూరిలో అది త్వరగా ఎండదు. మే నెలలో పడమటి గాడ్పు వీచే మధ్యాహ్నం మాత్రం, మూత తీసి ఉంచితే అదే బిస్కత్తు గట్టిపడుతుంది.

మెత్తదనం ఎక్కడిది?

తెలుగువారికి మెత్తని బిస్కత్తు పేరే కొత్త. అందులోని ఉపాయం కొత్త కాదు. సంక్రాంతికి వండే అరిసెను చూడండి. తడిపిండిని బెల్లపు పాకంలో కలిపి, నూనెలో కాల్చి, నువ్వులద్దుతారు. ముదురు పాకమైతే అరిసె రాయి అవుతుంది. లేతపాకమైతే నూనెలో విడిపోతుంది. పాకం చుక్కను నీళ్ళలో వేసి, వేళ్ళకు మెత్తని ఉండగా వచ్చినప్పుడు దింపుతారు. అప్పుడు దాని వేడి సుమారు 115 డిగ్రీల సెంటీగ్రేడు. అందులో నూటికి 85 పాళ్ళు చక్కెర ఉంటుంది. ఉండ పరీక్ష నిజానికి మిగిలిన నీటిని కొలిచే పరీక్షయే.

బెల్లానికి మరొక సుగుణం కలదు. మామూలు చక్కెర అణువు ఆమ్లంతో కలిసి వేడెక్కినప్పుడు ద్రాక్ష చక్కెర, ఫల చక్కెర అనే రెండు చిన్న చక్కెరలుగా విడిపోతుంది. చెరకు రసం కాచేటప్పుడు ఈ మార్పు కొంత జరుగుతుంది గనుక బెల్లంలో ఆ చక్కెరలు కొద్దిపాటిగా ఉంటాయి. ఫల చక్కెర నీటిని గట్టిగా పట్టుకొంటుంది. తెల్ల చక్కెరను తిరిగి స్ఫటికాలు కట్టనీయదు. పాశ్చాత్యులు మెత్తని బిస్కత్తుకు గోధుమరంగు చక్కెరను వాడటంలోని రహస్యం ఇదే. ఇక్కడి వంటింట ఆ పని బెల్లపు పొడి చేయగలదు.

పిండి, కోకో, సోడా

ఇరవై బిస్కత్తులకు 150 గ్రాముల మైదా, 40 గ్రాముల కోకో పొడి, 115 గ్రాముల వెన్న, 150 గ్రాముల బెల్లపు పొడి, ఒక గుడ్డు, అర చెమ్చా వంటసోడా, చిటికెడు ఉప్పు సరిపోతాయి. ముందుగా వెన్నను, బెల్లాన్ని కలిపి గిలకొట్టి, గుడ్డు చేర్చి, ఆపైన జల్లించిన పొడులను కలపాలి. మైదాను తడిపి ఎక్కువగా మర్దిస్తే అందులోని మాంసకృత్తులు రబ్బరువలె సాగే వలగా అల్లుకొంటాయి. పూరీకి, పరోటాకు ఆ వల కావలెను. మెత్తని బిస్కత్తుకు అక్కరలేదు. కనుక పొడి కనిపించనంత వరకే కలిపి ఆపవలెను. పిండి రేణువులకు పట్టిన వెన్న కూడ ఆ వలను అడ్డుకొంటుంది.

కోకో చెట్టు అమెరికా ఖండానిది. ఈనాడు మాత్రం అది ఆంధ్రదేశపు పంట కూడ. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల కొబ్బరి తోటలలో చెట్ల నీడన కోకో అంతర పంటగా పెరుగుతున్నది. భారతదేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. ఈ తినుబండారంలో కలిసే కోకో, కొబ్బరి నిజానికి ఒకే తోటలో ఇరుగుపొరుగులు. కోకో గింజలను గుజ్జుతో సహా కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించిన మీదటే చాక్లెట్ వాసన పుడుతుంది. వేయించిన గింజల ముద్దనుండి కోకో వెన్నను పిండి తీసే పద్ధతికి హాలెండులో వాన్ హూటెన్ కుటుంబం 1828లో హక్కు పొందింది. మిగిలిన పిప్పిని పొడి చేస్తే కోకో పొడి. కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది గనుక చాక్లెట్ బిళ్ళ అల్లూరి వేసవిలో నిలువదు; పొడికి ఆ చిక్కు లేదు.

సహజమైన కోకో పొడి కొంచెం ఆమ్ల గుణం కలది; బెల్లం కూడ అంతే. వంటసోడా ఆ ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. ఆ బుడగలే పిండిని పొంగిస్తాయి. పెట్టెపై క్షారంతో శుద్ధి చేసినదని వ్రాసి ఉన్న కోకోలో ఆ ఆమ్లం తగ్గి ఉంటుంది. దానికి బేకింగ్ పౌడరు మేలు. సోడా మోతాదు మించితే మిగిలిన క్షారం సబ్బు రుచినిస్తుంది.

పొయ్యిలో 175 డిగ్రీల వేడిలో పదినిమిషాలు చాలు. ముందు వెన్న కరిగి ముద్ద పరచుకొంటుంది. వాయువు, ఆవిరి దానిని లేపుతాయి. పిమ్మట గుడ్డులోని మాంసకృత్తులు గడ్డకట్టి ఆ రూపాన్ని నిలుపుతాయి. విద్యుత్ పొయ్యి లేని ఇంట మందపాటి గిన్నె అడుగున ఇసుక పరచి, మూతపెట్టి వేడిచేసి, అందులో పళ్ళాన్ని ఎత్తుగా నిలిపి కాల్చుతారు. మామూలు బిస్కత్తు కాలినదీ లేనిదీ రంగును బట్టి తెలుస్తుంది. కోకో నల్లదనం ఆ గుర్తును దాచివేస్తుంది. అందుచేత అంచు గట్టిపడి నడుమ ఇంకా మెత్తగా ఉండగానే తీయవలెను. అది చల్లారుతూ తానే బిగుస్తుంది. పూర్తిగా గట్టిపడే దాకా ఆగితే, చక్కెర పట్టి ఉంచవలసిన నీరే పోయి ఉంటుంది.

కొబ్బరి పూత

ఈ పూత అమెరికాలో ఒక చాక్లెట్ కేకుతోపాటు ప్రసిద్ధికెక్కింది. 1957లో డల్లాసు నగరపు దినపత్రికలో ఆ కేకు వెలువడింది. దానిని జర్మన్ కేకు అంటారు గాని జర్మనీ దేశంతో దానికి సంబంధం లేదు. 1852లో ఒక తీపి చాక్లెట్‌ను తయారుచేసిన శామ్యూల్ జర్మన్ పేరు అది. అందులో వేసే పెకన్ అక్రోటు కుటుంబానికి చెందిన అమెరికా చెట్టు గింజ. దానిలో నూటికి 70 పాళ్ళు క్రొవ్వు ఉంటుంది. గాలిలోని ఆమ్లజని సోకి అది త్వరగా కనరు వాసన పట్టుతుంది. అల్లూరిలో దానిని వెతకనక్కరలేదు. వేయించిన జీడిపప్పు ఆ స్థానానికి చక్కగా సరిపోతుంది. అందులో క్రొవ్వు సుమారు 45 పాళ్ళే.

సగానికి మరగించిన 200 మిల్లీలీటర్ల పాలు, రెండు గుడ్ల పచ్చసొన, 120 గ్రాముల చక్కెర, 60 గ్రాముల వెన్న కలిపి సన్నని సెగపై కలుపుతూ ఉంటే 80 డిగ్రీలు దాటిన తరువాత చిక్కబడుతుంది. తెర్లనిస్తే సొన విరిగి పలుకులవుతుంది. చిక్కబడిన పిమ్మట 100 గ్రాముల కొబ్బరి, 75 గ్రాముల జీడిపప్పు పలుకులు కలిపి దింపుతారు. కొబ్బరి లౌజు చేసిన చేతికి ఇది కష్టం కాదు.

ఇక్కడే అసలు మెలిక ఉన్నది. పచ్చికొబ్బరిలో నూటికి 45 పాళ్ళకు పైగా నీరుంటుంది; ఎండుకొబ్బరిలో 6, 7 పాళ్ళే. పచ్చికొబ్బరి వేస్తే పూతలోని స్వేచ్ఛా నీరు హెచ్చుతుంది. ఎండుకొబ్బరి కోరు వేసినా పాలు, సొన ఉన్న ఈ పూత బిస్కత్తుకంటె తడిగానే ఉంటుంది. రెండింటినీ ఒక డబ్బాలో పెడితే నీరు పూతనుండి బిస్కత్తులోనికి, జీడిపప్పులోనికి దిగుతుంది. బిస్కత్తు నాని పోతుంది. పప్పు కరకర పోతుంది. బూజుకు చోటు దొరుకుతుంది.

బూజు సంగతి

జల క్రియాశీలత 0.6కు తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగదు. 0.8 దగ్గర అనేక రకాల బూజులు పెరుగుతాయి. 0.9 దాటితే బాక్టీరియాలలో చాలావాటికి అనుకూలం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఒక బూజు విషం ఉన్నట్లు తరువాత తేలింది. అదే ఆఫ్లటాక్సిన్. ఆ బూజు గింజపప్పులమీద, సరిగా ఎండని కొబ్బరిమీద కూడ పెరగగలదు. మామూలు వంట వేడికి ఆ విషం నశించదు. కనుక బూజు పట్టిన ముక్కను గిల్లివేసి మిగిలినది తినడం, తిరిగి వేడిచేసి తినడం రెండూ తప్పే. మొత్తం పారవేయవలెను.

తరగతిలో పరీక్ష

ఉన్నత పాఠశాలలో ఈ విషయాన్ని ప్రత్యక్షంగా చూపవచ్చును. ఒక గాజు సీసాలో ఉప్పు కరగక మిగిలేటంతగా వేసి కొద్ది నీటితో తడపాలి. మూత బిగిస్తే సీసాలోని గాలి తేమ 75 శాతం వద్ద నిలుస్తుంది. ఇది సంతృప్త ఉప్పు ద్రావణపు గుణం. ఇసకపల్లి ఉప్పు అయినా పనికివస్తుంది. ఉప్పుకు తగలకుండ చిన్న గిన్నెలో తూచిన బిస్కత్తు ముక్కను లోపల ఉంచి, రెండు రోజుల తరువాత తిరిగి తూచాలి. బరువు పెరిగితే దాని జల క్రియాశీలత 0.75 కంటె తక్కువ, తగ్గితే ఎక్కువ. అంగడి బిస్కత్తు, మెత్తని బిస్కత్తు, కొబ్బరి పూత, అరిసె - ఈ నాలుగింటినీ వేరువేరు సీసాలలో పరీక్షిస్తే ఏది నిలుస్తుందో, ఏది నిలువదో త్రాసే చెప్పుతుంది. పరీక్షకు వాడిన ముక్కలను తినరాదు.

ఈ పరీక్ష ఫలితమే వంటింటికి పాఠం. దూరాన ఉన్న పిల్లలకు పంపేటప్పుడు పూత లేని బిస్కత్తులను పూర్తిగా చల్లార్చి బిగువు మూత డబ్బాలో పెట్టవలెను. వేడిగా పెడితే ఆవిరి మూతకు తగిలి చెమ్మగా తిరిగి వాటిపైనే పడుతుంది. పూత వేసినవి ఇంటివద్ద ఆనాడో మరునాడో తినివేయవలెను. మిగిలితే చల్లని పెట్టెలో ఉంచవలెను. పూతను, బిస్కత్తును తినే వేళ వరకు వేరుగా ఉంచడం అన్నిటికంటె సులభమైన ఉపాయం. పాకం చుక్కను నీళ్ళలో వేసి చూచిన పెద్దలు ఈ లెక్కను చేతితోనే కట్టారు. నేటి విద్యార్థి దానిని త్రాసుతో కట్టగలడు.