పగడపు దీవినుండి వట్టిచేతులతో

మేము అండమాను దీవులకు బోవుచున్నామని విని, మా విద్యార్థులు పలువురు పాఠశాలలో నుంచుటకై యొక పగడపు ముక్కను దెమ్మని కోరిరి. మేము వట్టిచేతులతో మరలివచ్చితిమి. దానికి గల కారణమును విన్నవింతుము.

2024 వ సంవత్సరమున శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరులో మన తెలుగువారు పెక్కుమంది కాపురమున్నారు. అచ్చటినుండి సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించి వండూరు రేవు చేరితిమి. 1983 లో నేర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయవనమునకు ఇదియే ద్వారము. ప్లాస్టిక్కు సంచులను అచ్చటనే విడిచి, మడయడవుల నడుమగా పడవపై జాలీబాయ్ అను చిన్నదీవికి బోయితిమి. అచ్చట రేవుకట్ట లేదు. కావున, అడుగున అద్దము బిగించిన చిన్నపడవలోనికి మాఱితిమి.

అద్దములోనుండి చూడగా కొమ్మలవలెను, మనుష్యుని మెదడువలెను పగడములు కనబడెను. అవి రాళ్లును గావు, చెట్లును గావు; ప్రాణులు. ఒక్కొక్క సూక్ష్మప్రాణి సముద్రజలములోని సున్నమును గ్రహించి గూడు కట్టుకొనును. అది చచ్చినను గూడు నిలుచును. దానిపై మఱియొకటి కట్టును. ఇట్లు వేలయేండ్లకు దిబ్బ యేర్పడును. ఆ ప్రాణి దేహములో కంటికి గనబడని నాచు నివసించుచు, సూర్యరశ్మిచే ఆహారము సిద్ధపఱచి దానికి బెట్టును. పగడముల రంగు చాలవఱకు ఆ నాచువలననే కలుగును. నీరు మితిమీరి వేడెక్కినచో పగడము నాచును వెడలగొట్టి తెల్లబడును. వేడిమి తగ్గనియెడల ఆకలిచే నశించును. 2010 లో అండమాను పగడములు విస్తారముగా నిట్లు తెల్లబడెను.

దీవిపై దట్టమైన యడవి గలదు. దిబ్బ అలల వేగమును విఱిచి ఆ యడవి నిలిచిన తీరమును గాచును. అడవి తన వేళ్లతో మట్టిని బట్టి, వానకు బురద కొట్టుకొనిపోయి పగడములను గప్పకుండ జేయును. ఒకటి చెడినచో రెండవదానికిని హాని కలుగును.

పిమ్మట మేము నీట దిగితిమి. మాలో నొకరు అలసి కాలు మోపగా, జానెడు పగడపు కొమ్మ పటుక్కున విఱిగెను. గుండ్రని పగడము సాధారణముగా ఏడాదికి సుమారొక సెంటీమీటరు మాత్రమే పెరుగును. కొమ్మ పగడము త్వరగా పెరుగునదైనను, జానెడగుటకు ఏండ్లు పట్టును. అన్నియేండ్ల కట్టడము ఒక్క క్షణములో చెడెను. మేమందఱము సిగ్గుపడితిమి.

ఆ ముక్కను దెచ్చుటకు చట్టము ఒప్పుకొనదు. మా మనస్సును ఒప్పుకొనలేదు. దానిని నీటిలోనే విడిచితిమి. పగడమునకు మాఱుగా ఈ నాలుగు మాటలను దెచ్చితిమి; విద్యార్థులు మమ్ము క్షమింతురుగాక.