ఆకులు గోధుమరంగులో వేసే పిల్లవాడు

"వీడికి లెక్కలు బాగానే వస్తాయి డాక్టరుగారూ, తెలుగు పద్యాలు గడగడా అప్పజెబుతాడు. డ్రాయింగు క్లాసు వచ్చిందంటే మాత్రం రోజూ తిట్లే" అంటూ ఆ తల్లి తన సంచీలోంచి ఒక బొమ్మల పుస్తకం తీసి నా బల్లమీద పెట్టింది. పిల్లవాడికి ఏడేళ్ళుంటాయి. పుస్తకం తిరగేశాను. మొదటి పేజీల్లో చెట్లు చెట్ల రంగులోనే ఉన్నాయి. సగం దాటాక వ్యవహారం మారింది. ఆకులు గోధుమరంగు, మాను పచ్చరంగు. ఒక పేజీలో పచ్చటి కుక్క! దాని కింద టీచరు ఎర్ర పెన్నుతో "అశ్రద్ధ" అని రాశారు.

"కావాలనే చేస్తాడండీ, అందరూ నవ్వాలని" అన్నాడు తండ్రి. పిల్లవాడు తల వంచుకున్నాడు. వెంట వచ్చిన నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. "మా వంశంలో ఇలాంటి మొద్దులు ఎవరూ లేరు బాబూ" అని కోడలి వంక చూసింది.

మొదటి సగం బాగుండి, రెండో సగం ఎందుకు చెడింది? నాకు అదే అర్థం కాలేదు. అడిగితే తల్లే చెప్పింది. మొదట్లో వాడు కాగితం చుట్టిన క్రేయాన్లు వాడేవాడట. దసరా సెలవుల తర్వాత నీళ్ళ రంగుల బిళ్ళల పెట్టె కొన్నారట. అసలు సంగతి అక్కడుంది. క్రేయాను మీది కాగితంపై రంగు పేరు రాసి ఉంటుంది. వీడు రంగు చూసి కాదు, పేరు చదివి వేసేవాడు! బిళ్ళల మీద పేర్లు ఉండవు కదా.

పిల్లవాణ్ణి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ఆ పెట్టె తెరిచి, "గడ్డి రంగు చూపించరా" అన్నాను. ఒక క్షణం ఆలోచించి గోధుమరంగు బిళ్ళ మీద వేలు పెట్టాడు. ఆకాశం రంగు అడిగితే తడుముకోకుండా నీలం చూపించాడు. పసుపూ అంతే. కంటి విభాగానికి పంపించి చుక్కల పుస్తకంతో పరీక్ష చేయించాను. రంగు రంగుల చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఆ పుస్తకాన్ని జపాను కంటి డాక్టరు ఇషిహారా 1917లో తయారుచేశాడు. నేటికీ అదే వాడుతున్నాం. మనవాడికి చాలా పేజీల్లో అంకెలే కనబడలేదు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేని వర్ణాంధత్వం అది.

"అంధత్వం" అన్న మాట వినగానే ఆ తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంగారుపడకండి. ఈ పేరే మంచిది కాదు. పిల్లవాడి చూపు శుభ్రంగా ఉంది, దూరాన ఉన్న అక్షరాలు కూడా చదువుతాడు. మన కంటి లోపలి తెరలో రంగులు పట్టే కోన్ కణాలు మూడు రకాలు ఉంటాయి. వాటిలో ఒక రకం లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా కొన్ని రంగులు ఒకేలా కనబడతాయి. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు ఒక గుంపులో పడతాయి. నీలం, వంగపండు రంగు మరొక గుంపులో పడతాయి. లేత గులాబీ బూడిదరంగులా ఉంటుంది. వాడికి లోకం నలుపు తెలుపుల్లో కనబడుతుందనుకోకండి, అలాంటి వారు చాలా అరుదు.

ఇది కొత్త విషయమేమీ కాదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు ఇదే లోపం ఉండేది. 1794లో తన చూపు గురించి తానే ఉపన్యాసం ఇచ్చాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండడమే కారణమని నమ్మి, చనిపోయాక కళ్ళు కోసి చూడమన్నాడు. 1844లో చూశారు. ద్రవం తేటగానే ఉంది! ఆయన కన్ను మాత్రం భద్రపరిచారు. నూటయాభై ఏళ్ళ తర్వాత, 1995లో, దాని డి.ఎన్.ఏ. పరీక్షిస్తే ఆకుపచ్చ కోన్ల జన్యువే లేదని తేలింది. అంతటి మేధావిని మొద్దు అనగలమా?

ఇంతకీ నాయనమ్మగారి మాట సంగతి. నేను ఆ తల్లిని "మీ పుట్టింట్లో ఎవరికైనా ఇలా ఉందా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "మా నాన్నగారు చేలో పండుమిరపకాయలు కోస్తే పచ్చివీ పండువీ కలిపేసి తెచ్చేవారు. చత్వారమని అమ్మ ఎగతాళి చేసేది" అంది. చత్వారం కాదు, అదే ఇది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. తండ్రి తన ఒకే ఒక్క ఎక్స్‌ను కూతురికిస్తాడు. కూతురికి తల్లి నుంచి వచ్చిన రెండో ఎక్స్ మంచిది ఉంటుంది కనుక ఆమెకు లోపం బయటపడదు. ఆమె కొడుకుల్లో ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం. అందుకే తాతకు ఉండి, మేనమామలకు లేకుండా, మనవడిలో తేలుతుంది. యూరపు జాతుల మగవాళ్ళలో నూటికి ఎనిమిది మంది దాకా ఈ లోపం ఉంటుంది. మనలో అంతకన్నా తక్కువే. ఆడపిల్లల్లో అరుదు. అక్క కూతుర్ని చేసుకునే ఇళ్ళలో మాత్రం ఆ అరుదు కొంచెం తగ్గుతుంది.

ఇదంతా చెప్పి, "అమ్మా, మీ కోడలు బొట్టు, గాజులు ఎంచుకుని తెచ్చుకోలేదు, ఈ జన్యువూ అంతే" అన్నాను. పెద్దావిడ నవ్వింది. ఎంతవరకు ఒప్పుకుందో మరి.

మందుందా అని అడుగుతారు. పుట్టుకతో వచ్చినదానికి లేదు. రంగు అద్దాల కళ్ళజోళ్ళు కొందరికి కొన్ని రంగుల మధ్య తేడా పెంచి చూపిస్తాయి గాని, మామూలు చూపు తెప్పించవు. వేలు పోసి కొనేముందు ఆలోచించండి. రైలింజను నడిపే ఉద్యోగం వంటి వాటికి రంగుల చూపు తప్పనిసరి, ఆ ఆశ చిన్నప్పుడే మళ్ళించడం మంచిది. మోటారు లైసెన్సుకు మాత్రం 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సడలించింది. లోపం తక్కువగానో, మధ్యస్థంగానో ఉన్నవారికి ఇప్పుడు అభ్యంతరం లేదు. పూణేలోని ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటి చూపున్నవారికి తలుపులు మూయరాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బొమ్మలు మానిపించమని నేనెందుకు చెబుతాను?

మానిపించవద్దన్నాను. పైగా ఇంటిల్లిపాదీ కూర్చుని రంగులు కలపమన్నాను. మీరూ కలపండి. పాత కంచం ఒకటి, మూడు రంగులు, రెండు గ్లాసుల నీళ్ళు చాలు. పసుపు ముందు వేసి అందులో నీలం చుక్క చుక్కగా కలపండి. నీలంలో పసుపు పోస్తూ కూర్చుంటే సీసా అయిపోతుంది గాని ఆకుపచ్చ రాదు. పసుపు రంగు వెలుగులోని నీలాన్ని మింగేస్తుంది, నీలం రంగు ఎరుపును మింగేస్తుంది. రెండూ వదిలిపెట్టిన ఆకుపచ్చే మన కంటికి చేరుతుంది. ఎరుపూ నీలమూ కలిపితే వంగపండు రంగు రావాలి గాని, నారింజ ఛాయ ఉన్న ఎరుపైతే మురికిగా వస్తుంది, గులాబీ ఛాయ ఎరుపు వాడండి. మూడూ కలిస్తే బురద. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, చేసుకోనివ్వండి.

మా రోగికి ఉపాయం ఏమిటంటే, సీసాల మూతల మీద రంగుల పేర్లు రాయడం, చుక్కలు లెక్కపెట్టడం. నాలుగు చుక్కల పసుపుకు ఒక చుక్క నీలం అయితే లేత ఆకు, రెండైతే ముదురాకు అని వాడు నోటుపుస్తకంలో రాసుకుంటాడు. లెక్కలు వచ్చినవాడు కదా! టీచరుగారికీ ఒక చీటీ రాసిచ్చాను. పచ్చబోర్డు మీద ఎర్రసుద్దతో రాయవద్దనీ, మ్యాపుల్లో రంగుతో పాటు గీతలూ గుర్తులూ చూపమనీ.

మూడు నాలుగేళ్ళ పిల్లలు రంగుల పేర్లు తప్పు చెబితే బెంబేలు పడవద్దు. పేర్లు ఇంకా రాలేదంతే. బడిలో చేరాక కూడా తికమక పడితే పగటి వెలుతురులో పరీక్ష చేయించండి. ఫోనులో బొమ్మలు చూపించి మీరే తేల్చేయకండి. ఇంకొక మాట. పెద్దవాళ్ళలో కొత్తగా రంగులు మారితే అది వేరు. మనవరాలు తెల్ల కాగితం ఇస్తే తాతగారు "పాతబడిందే" అంటే శుక్లం ముదిరిందేమో చూపించండి. క్షయకు ఇథాంబ్యుటాల్ బిళ్ళలు వాడేవారికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. సకాలంలో మందు ఆపితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది.

పసుపు నీళ్ళలో సున్నం వేసి హారతినీళ్ళు ఎర్రగా చేయడం పిల్లలకు ఇంద్రజాలంలా ఉంటుంది. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు! కాని సున్నం వారి చేతికివ్వకండి. కంట్లో పడితే నల్లగుడ్డును తినేస్తుంది. పడిందా, ఆసుపత్రికి పరుగెత్తే ముందే కన్ను తెరిచి పట్టుకుని అరగంట పాటు మంచినీళ్ళు ధారగా పోయండి. ఆటకైతే వంటసోడా చాలు, ఎరుపు కాస్త తగ్గుతుందంతే.

తలుపులకు వేసే ఎనామిల్ రంగులు పిల్లల బొమ్మలకు పనికిరావు. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు తొంభైకి మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులూడుతుంటే దాన్ని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. కుంచె మొన నాలుకతో తడపడం కూడా మాన్పించండి.

ఇక టర్పెంటైను. ఒక ఇంట్లో కుంచెలు కడిగే టర్పెంటైనును కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టారు. మూడేళ్ళ పిల్ల దాహమై తాగింది, ఒక గుక్కే. తండ్రి భయపడి ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించాడు. గుక్కెడు కడుపులో ఉంటే అంత ప్రమాదం కాకపోను. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. పదకొండు రోజులు ఆక్సిజను పెట్టాం. బతికింది. కిరసనాయిలుకూ ఇదే వర్తిస్తుంది. వాంతి చేయించకండి, పాలు పట్టకండి, సీసా చేతబట్టుకుని 108కి ఫోను చేయండి. ఒకసారి దగ్గినా, రొప్పు వచ్చినా తగ్గిందిలే అని ఇంట్లో ఉంచవద్దు.

పోయిన సంక్రాంతికి ఆ తల్లీ కొడుకూ మళ్ళీ వచ్చారు, జ్వరానికి. వాడు నాకొక బొమ్మ తెచ్చాడు. నీలం సముద్రం, పసుపు ఇసుక, ఒక పడవ. పడవ పక్కన గట్టున చెట్టు. ఆకులు పచ్చగానే ఉన్నాయి. మాను ఏ రంగో నాకు అంతుపట్టలేదు. "ఇదేం రంగురా?" అన్నాను. "అన్నీ కలిపాను డాక్టరుగారూ, లెక్క రాసుకోవడం మరిచిపోయాను" అన్నాడు.